ఓజెల్ చెవి

రాష్ట్రం పంపిన పుస్తకంలో నాకు ఏడు గళ్ళు.
తేదీ, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ,
క్షవరం, గడ్డం, శుభ్రత,
చివరిది ఓజెల్ పెట్వే సంతకానికి.
ఆ గడి ఖాళీగా ఉంటే
ఆ రోజు నాకు తెల్లారనట్టే.

సాగినాలో మా షాపుకి మూడు కుర్చీలు.
ఒకటి ఆయనది, ఒకటి నాది,
మూడోది పోయిన ఆయన తమ్ముడిది.
ఎవరూ కూర్చోరు. రోజూ తుడుస్తాను.
ఆ పది నిమిషాలూ శుభ్రత గడిలోకి వెళతాయి.

పదకొండేళ్ళు సిటీ బస్సు తోలినదాన్ని,
అద్దంలో తలలు చూడడం నాకు కొత్త కాదు.
ఇప్పుడవి చేతికందేంత దగ్గరికొచ్చాయి, అంతే:
రెండు సుడుల పిల్లాడు,
మెడ మీది కుట్లని జుట్టుతో కప్పమనే పాస్టరు.

లైసెన్సున్న మనిషి గదిలో లేకుంటే
నా చేతిలో కత్తెర ఉండకూడదు.
మంగళ, గురు, శనివారాల పొద్దుటిపూట
ఆయన డయాలసిస్‌లో ఉంటాడు, నేను చీపురునవుతాను.
తల ఇస్తామని వచ్చినవాళ్ళకి
కాఫీ ఇచ్చి కూర్చోబెడతాను.
మధ్యాహ్నం ఆయన వచ్చి తన కుర్చీలో వాలిపోతాడు.
అప్పుడు మొదలెడతాను.

అలాంటి ఒక గురువారం ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది.
బూట్లకి మంచు, చంకలో ఫైలు.
జాడీలో నీలం మందు చూసింది,
దువ్వెనలు లెక్కపెట్టింది,
గోడమీది లైసెన్సు గడువు పైకే చదివింది.
ఆఖరికి ఆయన్ని చూసింది:
నోరు కాస్త తెరుచుకుని, మోచేతి మడతలో దూది పట్టీ.

"నిద్రపోయే మనిషి పర్యవేక్షిస్తున్నట్టా?"

గదిలో ఉండాలని రూలు.
మెలకువగా అని కూడా ఉందేమోనని
ఆమె పేజీలు తిప్పుతోంది.
నా గుడ్డ కింద పిల్లాడు ఊపిరి బిగపట్టాడు.

"రెనీటా,"
కళ్ళు తెరవలేదు ఆయన,
"ఎడమ చెవి పైన తొందరపడ్డావు.
కత్తెర రెండుసార్లు మూసుకుంది,
వెంట్రుకలు ఒక్కసారే తెగాయి."

దువ్వెన ఆనించి చూశాను.
ఒక్క పోగు, వడ్లగింజంత,
మొండిగా నిలబడి ఉంది.

ఆమె ఏదో రాసుకుంది. ఏం రాసిందో చూపించలేదు.
తలుపు గంట మోగింది, చలి లోపలికొచ్చి పోయింది.

చీకటి పడ్డాక పుస్తకం ఆయన ముందు పెట్టాను.
నాలుగు గంటలని నేను పెన్సిలుతో వేసినదాన్ని చెరిపి
మూడుంబావు అని సిరాతో రాశాడు.
ఎందుకలా అన్నట్టు చూశాను.

"మొదటి ముప్పావుగంట,"
సంతకం కింద గీత లాగుతూ అన్నాడు,
"నిజంగానే నిద్రపోయాను."