పాత కూర్పు

ముమ్మిడివరంలో పాత ఇనుము కొట్టు పక్కన
రెండువేల మూడొందలకి దొరికిందా కంప్యూటరు.
పక్క రేకు లేదు. ఫ్యాను తిరిగితే
వడ్ల మరంత మోత.

తొమ్మిదో తరగతి పిల్లలు కలిసి రాసుకోడానికి
ఒక వికీ కావాలి.
ఊరికే ఇస్తామన్న కంపెనీ ఒకటుంది,
పిల్లల ఫోన్ నంబర్లు అడిగింది.
పరాయి చేలో నారుమడి ఎందుకని
ఆ కిటికీ మూసేశాను.

మూడు రాత్రులు మూడు రకాలు ఎక్కించి చూశాను.
మొదటిది చాలా గొప్పది.
డేటాబేస్ అంది, దానికో తోడు కావాలంది,
లంక దారిలోకొచ్చిన పెళ్ళిబస్సులా
మలుపు తిరగలేక ఆగిపోయింది.
రెండోది ముద్దుగానే ఉంది గానీ
లక్ష్మి అని కొడితే
ఒత్తులన్నీ ఊడదీసి వడ్లలా ఆరబోసింది.
మూడోదానికి రంగూ లేదు, రూపూ లేదు.
ప్రతి పేజీ ఒక మామూలు టెక్స్ట్ ఫైలు,
నేను బదిలీ అయిపోయినా
ఏ నోట్‌ప్యాడ్‌లోనైనా తెరుచుకుంటుంది.
"ఇంత బోసిగా ఉందేంటండి?" అన్నారు హెడ్మాస్టరు.
"చదవడానికొస్తుందండి" అన్నాను.

అప్పటికీ తేల్చుకోలేదు.
తేల్చింది సంగాని పోలేశ్వరి.

నేను రాసిన మొదటి పేజీ, 'మన లంక'.
విస్తీర్ణం: నూట నలభై ఎకరాలు.
రెవెన్యూ కాగితంలో అంతే ఉంది మరి.
సోమవారం తెరిస్తే
నూట ఇరవై రెండు.
కారణం రాసే గడిలో,
"మా చేను, ఓలేటోళ్ళ కొబ్బరితోట, చర్చి వెనక దొడ్డి
గోదాట్లో పడిపోయినాయండి.
మా నాన్నా నేనూ తాడేసి కొలిచాం."

పాత కూర్పు నొక్కాను.
నూట నలభై అక్కడే ఉంది,
మీద ఎర్ర గీతతో, తేదీతో,
నా పేరుతో.

గోదారికి ఆ అలవాటు లేదు.
కోసేసిన గట్టు నిన్న ఎక్కడుండేదో
ఎంతసేపు అడిగినా చెప్పదు.

వెనక్కి తిప్పే బటన్ ఉంది. దాని మీద
కాసేపు వేలు పెట్టాను కూడా, అబద్ధమెందుకు.
తర్వాత మిగతా రెంటినీ తీసేశాను.

శనివారం నకలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి
పోలేశ్వరి చేతికిచ్చాను,
పడవలో జాగ్రత్తమ్మా అని.
"బియ్యం డబ్బాలో పెడతానండి.
వరదొస్తే మా ఇంట్లో
ముందు అటకెక్కేది అదేనండి."