ఉప్పు బకెట్టు

నడవాలో ఆ పోస్టర్లు అతికించింది నేనే.
పరుగెత్తకూడదు, నడవాలి. కుడి పక్కనే వెళ్లాలి.
చేతులు మన దగ్గరే ఉండాలి.
గొంతు: సున్నా.
మూలలు లేస్తుంటాయి, ఏటా సెప్టెంబరులో టేపు మారుస్తాను.
పిల్లలు గోటితో గీరేది ఎప్పుడూ ఆ సున్నానే.

నా చీపుర్ల గదిని రెండుగా చీల్చి
సగం మిస్ ఓడెగార్డ్‌కి ఇచ్చారు, మూడేళ్ల కింద.
కౌన్సెలరు. గుండ్రటి తివాచీ, రెండు పొట్టి కుర్చీలు,
ఇసుక గడియారం ఒకటి.
తడి మాపు వాసన ఇంకా పోలేదు పాపం.
మధ్య గోడ అట్టముక్కంత పలచన.
మాటలు వినపడితే పంపు తిప్పేస్తాను,
నాకు తెలిసిన మర్యాద అది.
అయినా ఎక్కువసార్లు వినపడేది
గడియారాన్ని తిరగేసి బల్ల మీద పెట్టిన చప్పుడు.
చాలాసేపటికి
మళ్లీ తిరగేసిన చప్పుడు.

నవంబరులో కెల్లన్‌ని నాకు అప్పగించారు.
రెండో తరగతి. ముందు పళ్లు రెండూ లేవు.
కుర్చీ తన్నాడట, ఎవరిదో బూటు కిటికీలోంచి మంచులోకి గిరాటేశాడట.
"శిక్ష కాదు" అంది మిస్ ఓడెగార్డ్. రెండుసార్లు అంది,
నా మొహంలో ఏం కనిపించిందో.
"రోజూ పదింటికి, పది నిమిషాలు. మెట్ల మీద ఉప్పు చల్లడానికి.
వాడికి బరువు మోసే పని కావాలి."
నా చిన్నప్పుడు ఇదే బడిలో
కుర్చీ తన్నినవాడికి చెక్క స్కేలు, తిరగేసిన చెయ్యి,
వేలి కణుపులు.
నేనేం అనలేదు.

వాడికో పసుపు కార్డు.
జాగ్రత్తగా ఉన్నాడా, మర్యాదగా ఉన్నాడా, చెప్పిన పని చేశాడా.
పక్కన రెండు, ఒకటి, సున్నా.
దగ్గరున్న పెద్దవాళ్లు ఒక అంకె చుట్టి
సంతకం చెయ్యాలి.
ఇరవై రెండేళ్లలో ఈ బడి నా సంతకం అడిగింది
జీతం కాగితం మీదా, డీజిలు రసీదు మీదా.
మొదటి రోజు పెన్ను పట్టుకుని
అలా నిలబడిపోయాను.

డబ్బాతో చల్లరా అంటే వినడు.
చేతి తొడుగు తీసేసి, కోళ్లకు గింజలు విసిరినట్టు
మెట్టుకో పిడికెడు.
రెండు. రెండు. రెండు.
ఒకరోజు రేవు వైపు చూస్తూ తనే అన్నాడు:
"మా నాన్న ఓడలో వంటవాడు.
సరస్సు గడ్డకట్టాక వస్తాడు."
చలి ఇంకా ముదరాలని కోరుకునేవాణ్ని
ఈ ఊళ్లో నేను అంతవరకూ చూడలేదు.

జనవరిలో ఇనుప ఖనిజం ఓడలు ఒక్కొక్కటే చేరాయి.
ఆ ఓడా చేరింది.
వంటవాడు మాత్రం ఒహాయోలోనే దిగిపోయాడని
ఊరంతా తెలిసింది. వాడికి ఎవరు చెప్పారో.

ఆ రోజు పదింటికి
బకెట్టు ఎత్తి కుమ్మరించాడు.
నేనప్పుడే తుడిచిన నడవా అంతా ఉప్పు.
పోస్టర్ల కింద, బూట్ల అరల కింద, మంచినీళ్ల కొళాయి దాకా
అడుగేస్తే కరకరలాడే ఉప్పు.
గొంతు సున్నా అని రాసిన చోట
వాడి గొంతు పైకప్పుకి తగిలింది.
తలుపులు తెరుచుకున్నాయి. మూసుకున్నాయి.

పెద్ద చీపురు నేను తీసుకున్నాను,
చిన్నది గోడకి ఆనించి పెట్టాను.
కాసేపటికి తీసుకున్నాడు.
నలభై నిమిషాలు పట్టింది.

కార్డు నా ముందుకి తోశాడు.
మనసొప్పక, పెన్ను ఒకటి దగ్గర పెట్టాను.
"అబద్ధం" అన్నాడు. "సున్నా."
"ఆవిడ ఏమంటుందో మరి?"
"ఏమీ అనదు. రెండు వస్తే స్టిక్కరు ఇస్తుంది, అంతే.
సున్నా వస్తే
గడియారం తిరగేసి కూర్చుంటుంది."

సున్నా చుట్టూ సున్నా చుట్టాను.
పేరు పూర్తిగా రాశాను, వెండెల్ రౌటియో అని,
మామూలుగా గిలికినట్టు కాకుండా.

గోడ అవతల పొట్టి కుర్చీ జరిగింది.
పంపు తిప్పాను.
ఎలాగూ బకెట్టు కడగాలి.