మణికట్టు దగ్గర ఆలస్యం

ఒంగోలు, కర్నూలు రోడ్డు, మేడ మీద మూడో గది.
ముందు ఫ్యాను ఆపేస్తాను.
దాని వణుకు కూడా వచ్చి
తెర మీద గీతలో కూర్చుంటుంది.

చీమకుర్తి నుంచి మాలకొండయ్య.
ఇరవై ఆరేళ్ళు క్వారీలో డ్రిల్లు పట్టిన చేతులు
బల్ల మీద వెల్లకిలా పెట్టాడు,
ఎవరివో తెచ్చి అప్పజెబుతున్నట్టు.

"చుట్ట కొసాకి వచ్చి వేళ్ళు కాల్తన్నా తెలవదమ్మా,
కమురు వాసన నాకే ముందొస్తది" అంది చెంచమ్మ.
"రాత్రుళ్ళు మాత్రం తెలుస్తయ్ లే,
పడుకున్నా డ్రిల్లు ఆగదు వీటిల్లో" అన్నాడాయన.

కింద డాక్టరు గారు రబ్బరు సుత్తితో మోకాలు తట్టారట.
కాలెగిరిందట.
"నేనెత్తలా" అన్నాడు, దొంగతనం అంటగట్టినట్టు.

నిజమే, మీరెత్తలేదు.
దెబ్బ కబురు మెదడు దాకా పోలేదు.
నడిమధ్య వెన్నుపాము దగ్గరే తీర్పయిపోయింది.
"పామేంది?"
పేరట్టా పెట్టారు, కాటెయ్యదు.
నిప్పు తగిలితే మీరు 'అబ్బా' అనేలోపు
చెయ్యి వెనక్కి లాగేది అదే.
"మరి చుట్టప్పుడు యాడికి పోయింది?"

ఏడేళ్ళుగా ఈ మిషను ముందు కూర్చుంటున్నాను.
ఈ ప్రశ్న ఏ పుస్తకంలోనూ అడగలేదు నన్ను.
కబురు రాందే అదేం చేస్తుంది, అన్నాను చివరికి.

చూపుడు వేలికి తీగచుట్టు తొడుగుతుంటే
"పెళ్ళికైనా ఉంగరం పెట్టలా మావాళ్ళు" అని నవ్వాడు.
"ఈ నాలికకి మాత్రం నరాలన్నీ బాగున్నయ్" అంది ఆమె.
నరం లేని నాలుకని ఎవరన్నారో గాని
ఆయన నాలుక కింద కూచుని ఉండరు.

చిన్న షాకు. బొటనవేలు ఉలిక్కిపడింది.
మోచేతి నుంచి మణికట్టు దాకా
సెకనుకి యాభై రెండు మీటర్లు,
ఆ వయసుకి మంచి నడకే.
మణికట్టు ఇరుకులోకి వచ్చాక తడబడింది.
నాలుగులోపు రావాల్సింది ఏడుకి వచ్చింది.
"ఏడు నిమిషాలా?"
కాదు, సెకనులో వెయ్యో వంతులు.
"ఓసి, అంతదానికా ఛార్జీలు పెట్టుకోని వచ్చింది!"

తర్వాత స్పర్శ పరీక్ష.
వేలి నుంచి పైకి రావాల్సిన అల.
షాకు పెంచాను. మళ్ళీ పెంచాను.
ఎండాకాలం గుండ్లకమ్మలా
గీత చదునుగా పడుకునే ఉంది.
ఆయన నా మొహం చూస్తున్నాడు, తెర చూడట్లేదు.

ఊళ్ళో అందరి నొప్పీ రాసుకునే కరణం మెదడు.
తనలో సూది గుచ్చినా తనకి నొప్పి తెలీదంటారు.
ఆ దస్త్రంలో
మాలకొండయ్య కుడిచెయ్యి పేజీ ఖాళీగా ఉంటుందా,
లేక పాత రాతే మళ్ళీ మళ్ళీ దిద్దుకుంటుందా,
రాత్రిపూట, డ్రిల్లు చప్పుడుతో?
నా మిషను అంత లోపలికి పోదు.
మణికట్టు నుంచి మోచెయ్యి, మోచెయ్యి నుంచి చంక.
అంతవరకే నాకు జీతం.

రిపోర్టు చేతికిస్తే జారింది.
చెంచమ్మ వంగి తీసింది, ఏమీ అనలేదు,
ఆ వంగడం ఆమెకి అలవాటైపోయినట్టుంది.

మెట్ల మలుపులో గోడకి గెలాక్సీ పలక,
నల్లరాయిలో బంగారు నలుసులు.
ఆయన ఆగి వేళ్ళు ఆనించాడు.
కాసేపు చూశాడు.
వేళ్ళు తీసి మోచెయ్యి ఆనించాడు.
"చల్లగుంది" అన్నాడు.
కణుపుతో రెండుసార్లు తట్టి, చెవి దగ్గర పెట్టి
"మా గుంటదే. మూల మీద సన్న పగులుంది,
అతికించినోడు చూసుకోలా" అన్నాడు.

నాకే పగులూ కనపడలేదు.

ఒక్కో మెట్టూ దిగుతున్నాడు,
కడ్డీని చెయ్యి పట్టుకుందో లేదో
వంగి కళ్ళతో చూసుకుంటూ.