కిటికీ మీది వాక్యం

చిత్తూరు చర్చి వీధి వెనక సందులో
రెండు బల్లలు, ఒక ట్రెడిలు, తూగుతుండే ఒక బల్బు.
ఏకాంబరం మామ అక్కడ కంపోజిటరు.
బడి వదలంగానే నేను ఆడికే పోయేదాన్ని,
కింద రాలిన అక్షరాలు ఏరిపెడితే
గుప్పెడుకు ఐదు పైసలు.

గ్రీమ్స్‌పేట చెంగల్రాయ మాస్టారు
పిల్లల కోసం శాస్త్రవేత్తల కథలు రాసేవాడు.
ముప్పైరెండు పేజీలు, రూపాయిన్నర.
సైకిలు హ్యాండిలుకు సంచీ, సంచీలో ఒక మహానుభావుడు,
నెలకొకడు దిగేవాడు మా గడప దగ్గర.
చుక్కలకు లెక్క రాసినవాడు,
ఒంట్లో నెత్తురు తిరిగే దారి పట్టుకున్నవాడు,
చచ్చిన కప్ప కాలు తంతే నిద్రపోనివాడు.

అందరికీ మొదటి వాక్యం ఒకటే:
"ఒక పేద కుటుంబంలో పుట్టాడు."
మామ దాన్ని విడగొట్టడం మానేసినాడు.
నూలుదారం చుట్టి
కిటికీ మీద హార్లిక్స్ మూతలో పెట్టినాడు.
కొత్త పుస్తకం రాంగానే ముందు దాన్ని దించేది,
తర్వాత పేరు పేర్చేది.

"అందురూ బీదోళ్ళేనా మామా?"
"ఒగడు జమీందారు కొడుకంట మే.
మాస్టారు మార్చమన్న్యాడు, మార్చినా."
స్టిక్కులో రెండు వరుసలు నిండినాక
"ఆ పుస్తకం అంతగా పోలేదు" అన్నాడు.

సీసం అక్షరం అద్దంలో మాదిరి ఎదురు తిరిగి ఉంటుంది.
మామ దాన్ని గడగడా చదివేవాడు,
తిన్నగా ఉన్న పేపరు ఇస్తే తడుముకునేవాడు.
వేళ్ళ కొసలు బూడిద రంగు.
సీకాయతో మూడుసార్లు కడిగి
అప్పటికీ సంగటి చెంచాతోనే తినేవాడు,
వీధంతా నవ్వినా.

ఒక వానాకాలం మాస్టారు తడిసిన సంచీతో వచ్చినాడు.
లోపల ఒక ఆడమనిషి.
చీకట్లో మెరిసే ఉప్పును
చిన్న గాజుగొట్టంలో పోసి జేబులో పెట్టుకుని తిరిగిందంట.
వేళ్ళు కాలి, పొట్టు రేగి, గట్టిపడి పోయినాయంట.
మామ ఆ పేజీ రెండుసార్లు చదివినాడు.
తన వేళ్ళు చూసుకోలేదు.
నేను చూసినాను.

కిటికీ దగ్గరికి పోయి దారం విప్పినాడు.
దారం విప్పడం మామూలే.
ఆ పొద్దు వాక్యాన్నే విడగొట్టినాడు.
చివర్నుంచి "ట్టాడు" తీసి పక్కన పెట్టి,
మదరాసు నుంచి వచ్చిన కొత్త పొట్లం చించి
ట్టి, సున్నా, ది.

ప్రూఫు లాగితే
పాత అక్షరాలు, ఎన్ని వేలసార్లు ఒత్తుకున్నాయో,
అరిగి, పొగ మాదిరి పడినాయి.
కొత్తవి మాత్రం కాటుక దిద్దినట్టు:
ఒక పేద కుటుంబంలో పు ఆ తర్వాత
నల్లగా, ట్టింది.

మాస్టారు కళ్ళద్దాలు నుదుటికి ఎత్తి
"నలుపు ఎక్కువైంది ఏకాంబరం" అన్నాడు.
"ఉండనీ సార్."
మామ ఆయనకు ఎదురు చెప్పంగా
నేను విన్నది అదొక్కటే.

ఆ సందులో ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతారు.
నేను బంగారుపాళ్యం దారిలో గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబులో
తోతాపురి పులుపు కొలుస్తాను.
నా మీద ముప్పైరెండు పేజీలు ఎవరూ రాయరు,
రాసేంత లేదు కూడా.
వాక్యం మాత్రం నా బల్ల సొరుగులో ఉంది,
అదే మూతలో, దారం కొత్తది.

మొన్న చేరిన పలమనేరు పిల్ల తస్లీమా
అది చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి
స్టాంపు ప్యాడు మీద అద్ది
శాంపిలు చీటీ మీద ఒత్తింది.
"ముందర ఇంత ఖాళీ ఏందక్కా?"

పేరు కోసం, అన్నాను.
ఖాళీ అంటే ఏమీ లేకపోవడం కాదు, అదీ సీసమే,
ఎత్తు తక్కువ, సిరా అందదు అంతే.
మామ మాట అది, నాది కాదు.

ఆ పిల్ల పెన్ను మూత తీసింది.
బ్యూరెట్టులో మట్టం చూడాల్సి ఉండి
నేను అటు తిరిగినాను.