బోర్డు చాలలేదు

కళ్యాణదుర్గంలో బస్సు మారి
కంబదూరు దాటి కంకర రోడ్డు మీద దిగేసరికి
నా సంచిలో ప్రొజెక్టరు కంటే దుమ్ము బరువెక్కువ.

ఆ బడిలో పదకొండు కంప్యూటర్లు.
పాత చీర ముక్కలు కప్పుకొని
పెళ్ళింట్లో ఎవరూ పలకరించని చుట్టాల్లా
గోడవారగా కూర్చున్నాయి.
గది తాళం హెడ్మాస్టరు బీరువాలో,
బీరువా తాళం ఆయన మొలతాడుకు.
"పాడైతే ఎవురమ్మా జవాబు చెప్పేది?"
పాడు కాకుండా దాచి దాచి
ఆరేళ్ళలో ఐదు పాడైపోయాయి.

తిప్పేరుద్రప్ప సారు, లెక్కలు.
ఇంకా పదహారు నెలల సర్వీసు.
చేతి గీతల్లో ఇంకిపోయిన సుద్ద.
శిక్షణ అనగానే పోయి వెనక బెంచీలో కూర్చున్నాడు.
"నాకెందుకులే తల్లీ, వయసు టీచర్లకు చెప్పుకో."

నేర్పడానికి రాలేదు సార్,
మీ పాఠం వినడానికొచ్చాను అన్నాను.
అబద్ధం.
కానీ మూడో పీరియడ్లో నిజంగానే విన్నాను.
ప్రతి లెక్కకూ ముందు
బోర్డు మీద సుద్దతో రెండు తట్లు.
టక్ టక్.
నలభై రెండు తలలు ఒక్కసారిగా లేచేవి.

మధ్యాహ్నం మౌస్ చేతికిస్తే
అంచుదాకా నిండిన చెంబులా పట్టుకున్నాడు.
ఒకసారి నొక్కుతాడు, ఆలోచిస్తాడు,
రెండోసారి నొక్కేలోగా అది మర్చిపోతుంది.
"సార్, లెక్క మొదలుపెట్టండి."
"యాడ?"
"ఇక్కడే. బోర్డు మీద తట్టినట్టు."
టక్ టక్.
తెరుచుకుంది.
ఆయన నవ్వలేదు. మూసి మళ్ళీ తట్టాడు.
కొత్త గొళ్ళెం బిగించినోడు
తలుపు వేసీ తీసీ చూసుకున్నట్టు
పదిసార్లు.

నేను తెచ్చిన పాఠాలు చూపించాను.
మెట్రో రైలు లెక్కలు, ఐస్‌క్రీముల పటాలు.
"మా పిల్లోళ్ళ ఇండ్లల్లో ఉండే లెక్క కావాల" అని
పక్కకు నెట్టి తరగతిని అడిగాడు:
మీ బోరు ఎన్నడుగులు?

మర్నాడు చీటీలొచ్చాయి.
షాహీన, రెండొందల ఎనభై.
ఎర్రిస్వామి, నాలుగొందల పది, అర ఇంచి నీళ్ళు.
కవల పిల్లలిద్దరూ వేరే వేరే అంకెలు తెచ్చి కొట్లాడుకున్నారు.
సారు ఒక్క వేలితో ఒక్కో అంకె కొట్టాడు.
ఒక సున్నా ఎక్కువ పడి
ఎర్రిస్వామి బోరు పాతాళం దాటింది. గది గొల్లుమంది.
ఆ సున్నా ఎట్లా చెరపాలో
నేను లేచేలోగా షాహీనే చూపించింది.

తర్వాత ఏది నొక్కాలో చెప్పాను, అంతే.
అంకెలన్నీ నీలం కడ్డీలై
పైనుంచి కిందికి దిగాయి.
చివరి కడ్డీ గంగరత్నది.
అది తెరలో పట్టలేదు.
సారు కిందికి జరుపుతూ పోయాడు,
జరుపుతూ పోయాడు.
పదకొండు వందల ఇరవై.

"నీళ్ళెన్ని?" ఎవరో అడిగారు.
"దుమ్మొచ్చింది" అంది గంగరత్న.

ముప్పై నాలుగేళ్ళుగా రాసిన నల్లబోర్డు వైపు చూసి
"దీని మీద పట్టేది కాదు ఇది" అన్నాడు సారు, తనకే చెప్పుకున్నట్టు.

కరెంటు పోయింది.

సుద్దముక్క తీసుకొని పిల్లల్ని వరండాలోకి నడిపించాడు.
పది అడుగులకు ఒక జాన.
గచ్చు మీద మొదలైన గీత మెట్లు దిగి,
సుద్ద అంటని మట్టిలో పుల్లతో సాగి,
జెండా దిమ్మె దాటింది.
గంగరత్న దాని మీద ఒక్కతే నడిచింది,
ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టుకుంటా.
మిగతావాళ్ళు గట్టిగా లెక్కపెట్టారు.
ఆఖరి బస్సు నేను పోగొట్టుకున్నాను.

రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను.
"అమ్మా, పిల్లోళ్ళ బోర్లన్నీ యాడికో పాయెనే?"
"కరెంటు పోకముందు సేవ్ చేశారా సార్?"
కాసేపు అవతల కీచురాళ్ళు.
"చీటీలు దాచినాలే. రేపు మళ్ళా కొడతా.
ఆ గది తాళం ఇప్పుడు నాకాడే ఉండాది."