కొవ్వు వల

ఆదివారం తెల్లారకముందే
చిత్తూరు కొట్లో నాయన పొట్టేలు కడుపు కోసి
మొదట తీసేది దాన్నే.
తెల్లటి వల. మంచుకి తడిసిన సాలెగూడు మాదిరి.
దోసిట్లోకెత్తి, విదిలించి,
కొక్కేనికున్న తొడ మీద కప్పేవాడు.
"ఎందుకు నాయనా ఇది?"
"సీయలు ఆరిపోకుండా."
"అది సచ్చినాక. బతికుండగా?"
కత్తి తుడుచుకుంటా నవ్వినాడు.
"దాన్నే అడుగు."

పదేళ్ళకి తిరపతిలో
ఫార్మలిన్ ఘాటుకి కళ్ళు కారతా అడిగినాను.
పాత గ్రంథాల్లో వప,
మా పుస్తకాల్లో ఒమెంటం,
మా వీధిలో కొవ్వు వల.
జీర్ణాశయం పెద్దవంపు పట్టుకుని వేలాడి
పేగులన్నిటి ముందూ దిగి,
మడత తిరిగి పైకెళ్ళి
అడ్డపేగుని అందుకుంటుంది.
పక్కనున్న పిల్ల ముక్కు మూసుకుంది.
నేను రెండు చేతులా ఎత్తి
దేనిమీదో కప్పబోయినాను, అలవాటుగా.

మునిచెంగయ్య వచ్చింది జూన్‌లో, అర్ధరాత్రి.
దామలచెరువు మండీలో తోతాపురి బుట్టలు మోసే మనిషి.
నడుంనొప్పికి రంగుబిళ్ళలు, పూటకి రెండు,
పరగడుపునే, మూడు సీజన్లు.
కడుపు పలకైపోయింది.
తెరిస్తే ఆంత్రమూలంలో చిల్లు,
మిరపగింజంత.
మాకంటే ముందే వల అక్కడుంది.

కాళ్ళు లేవు దానికి, కండ లేదు.
పేగుల కదలిక మీద, ఊపిరి ఎగుడుదిగుళ్ళ మీద
తేలతా పోతుంది.
పాలచుక్కలంత మచ్చల్లో తెల్లకణాలు మూటగట్టుకుని
మంట తగిలిన చోట అంటుకుని
ఇంక కదలదు.
చిన్నబిడ్డల్లో మాత్రం పొట్టిది, అందదు.
మార్చిలో ఒక పాపకి అందలేదు.
ఆ మాట ఇప్పుడొద్దు.

పెద్ద డాక్టరమ్మ వల కొసని లాగి
చిల్లు మీద పరిచి, దారం నాకిచ్చింది.
"బిగించొద్దు. నెత్తురాడకపోతే అదే చస్తుంది."
మూడు కుట్లు.
జీవితంలో ఏదీ అంత వదులుగా కట్టలేదు నేను.

ఎనిమిదోరోజు ఇడ్లీ తుంచుకుంటా అడిగినాడు:
"లోపలేం పెట్టి మాటేసినావు తల్లీ?"
"నీదే. నీ కొవ్వే."
డొక్కలు తడుముకుని చూసుకున్నాడు.
"అయితే మా ఆడది చెప్పింది నిజమే.
నాకు కొవ్వెక్కువంట."
నవ్వితే కుట్లు లాగి, అబ్బా అన్నాడు.

ఆదివారం నాయనకి ఫోన్ చేసినాను.
"దాన్నడిగినా నాయనా."
"దేన్నే?"
చెప్పబోతే ఎవరో అరకిలో అడిగినారు.
"ఉండు" అని ఫోన్ గల్లాపెట్టి మీద పెట్టినాడు.
మొద్దు మీద కత్తి దెబ్బలు,
నడుమ ఒక చిన్న నిశ్శబ్దం.
వల విదిలిస్తా ఉంటాడు.