కాటా తీగ

నాలుగుంపావు దగ్గర గడియారం ఆగిపోయింది.
తెర మీది గడియారం సంగతి.
బయట ఇలులిసాట్ రేవులో పడవలు కదులుతూనే ఉన్నాయి,
హాలిబట్ డబ్బాలు గడ్డకట్టకముందే
తూకం చీటీలు కావాలి వాళ్ళకి.

బాణం గుర్తు ఉలకదు, పలకదు.
పది లెక్కపెట్టేదాకా బటన్ నొక్కిపట్టాను,
గొంతు నొక్కినట్టే అనిపించింది.
రాత్రి అప్‌డేట్ తర్వాత ఇది ఆరోసారి.
సేఫ్ మోడ్‌లో మాత్రం బుద్ధిమంతురాలు,
హెడ్మాస్టరు ఎదురుగా కూర్చోబెట్టినట్టు.

వేడెక్కిందేమోనని కిటికీ తీశాను.
మైనస్ పద్దెనిమిది లోపలికొచ్చింది.
నుకా నవ్వాడు.
గ్రాఫిక్స్ డ్రైవర్ పాతది వేశాను,
మెమరీ ఊడదీసి, తుడిచి, పెట్టాను.
ఏడోసారి.

అప్పుడు ముసలి యూలుత్
ఫోన్ చార్జింగుకి చోటు వెతుక్కుంటూ
మాటైనా అడక్కుండా కాటా తీగ పీకేశాడు.

బాణం కదిలింది.

పదిహేనేళ్ళ కాటా. దాని మాట
కొత్త సిస్టమ్‌కి అర్థం కాదు;
ప్రతి గ్రాముకీ "ఏమన్నావ్?" అని అడిగి
జవాబు కోసం
అక్కడే నిలబడిపోయేదన్నమాట.

కాటా డ్రైవర్ రేపు దొరుకుతుందేమో.
ఇవాళ్టికి యూలుత్ అంకెలు అరుస్తున్నాడు,
నేను పెన్సిల్‌తో రాస్తున్నాను.
ఏడు దగ్గర వేళ్ళు బిగుసుకుపోయాయి.
కిటికీ
మూయనేలేదు ఎవరమూ.